ఆ వేడి ఏడికి పోతది?

పోయిన మే నెలలో ఒక ఆదివారం పొద్దున మా అపార్ట్‌మెంటు సంఘం మీటింగుకి వెళ్ళాను. మామూలుగా నేను ఆ ఛాయలకి పోను. నీళ్ళ ట్యాంకరు, లిఫ్టు రిపేరు, మెయింటెనెన్సు బకాయిలు... ఏడాదికి పన్నెండు మీటింగులైనా ఇవే మాటలు. కానీ ఈసారి ఎజెండాలో మూడో అంశం అచ్చంగా నాకోసమే పెట్టినట్టుంది: "సెల్లారులో ఎలక్ట్రిక్ బండ్ల ఛార్జింగు".

మాది సికింద్రాబాదు వెస్ట్ మారేడ్‌పల్లిలో ఐదంతస్తుల పాత బిల్డింగు. ఇరవై ఫ్లాట్లు. సెల్లారులో ఛార్జింగు నిషేధం అని 2022 చివర్లో లిఫ్టు పక్కన ఒక కాగితం అంటించారు. కారణం మీకూ గుర్తుండే ఉంటుంది. 2022 సెప్టెంబరు 12 రాత్రి, మా ఇంటికి బండి మీద పది నిముషాల దూరంలో, ఒక ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మంటలు లేచాయి. దాని పైన హోటలు. పొగ పైకెక్కింది. 8 మంది చనిపోయారు. ఆ రాత్రి సైరన్లు మా బాల్కనీలోకి వినబడుతూనే ఉన్నాయి. మర్నాటి నుంచి మా బిల్డింగులో ఎలక్ట్రిక్ స్కూటరున్న ఇద్దరినీ అందరూ అదోలా చూడటం మొదలుపెట్టారు.

కాగితమైతే అంటించారు కానీ బండ్లు ఆగుతాయా? 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఎలక్ట్రిక్ బండ్లకి రోడ్డు టాక్సు, రిజిస్ట్రేషను ఫీజు లేకుండా చేసింది, 2026 డిసెంబరు 31 దాకా అని. దాంతో మా సెల్లారులో ఇద్దరు కాస్తా తొమ్మిది మందయ్యారు. నేనూ ఒకణ్ణి. సెల్లారులో ఛార్జింగు వద్దన్నారు కాబట్టి ఏం చేసేవాళ్ళం? మొదటి అంతస్తు వాళ్ళు బాల్కనీలోంచి ఎక్స్‌టెన్షను వైరు వేలాడదీసేవాళ్ళు. రెండో అంతస్తు వాళ్ళు ఇంకా పొడుగు వైరు. నేను రాత్రి పదకొండు దాటాక దొంగలా దిగి, మోటారు స్విచ్చు బోర్డు దగ్గర పెట్టి, పొద్దున ఐదింటికి తీసేసేవాణ్ణి. ఇలా చేస్తే సెల్లారు భద్రమైనట్టా, ప్రమాదం ఇంకా పెరిగినట్టా? నాకూ తెలుసు, కానీ పొద్దున ఆఫీసుకి పోవాలిగా!

సరే, మీటింగులో నా వంతు వచ్చింది. వారం రోజులు నెట్టులో చదివి పెట్టుకున్నదంతా కక్కేసాను. "అసలు ఈ గొడవంతా వైర్ల వల్లే కదండీ. వైరే లేకుండా చేద్దాం. నేలలో ఒక ప్యాడు, బండి కింద ఒక ప్యాడు. బండి తెచ్చి నిలబెడితే చాలు, అదే ఛార్జవుతుంది. వేలాడే వైర్లుండవు, వానొస్తే షాకుండదు, పిల్లలు ప్లగ్గులో వేలు పెట్టరు." పది నిముషాలు దంచాను. డెమో ఇచ్చేటప్పుడు క్లయింటు మొహంలో కనబడే వెలుగు సెక్రటరీగారి మొహంలో కనబడింది.

అప్పుడు వెనక ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న మా నాన్న అడిగాడు. "అంతా మంచిగనే ఉంది గానీ... ఆ వేడి ఏడికి పోతదిరా?"

"ఏ వేడి నాన్నా?"

"కరెంటు ఏడ మారినా వేడి పుడతది. అది ఏడికి పోతది అని అడుగుతున్న."

నలుగురు నవ్వారు. నేనూ నవ్వాను. జవాబు లేనప్పుడు నవ్వడం మనకి స్టాండప్ మీటింగుల్లో అలవాటే కదా. ఆ అంశం వచ్చే నెలకి వాయిదా పడింది.

నాన్న గురించి కొంచెం చెప్పాలి. ఆయన రిటైరయ్యేదాకా లాలాగూడ ఎలక్ట్రిక్ లోకో షెడ్డులో పనిచేసాడు. మన రైళ్ళని లాగే త్రీ ఫేజ్ ఇంజన్లు, అంటే డబ్ల్యూఏపీ-7, డబ్ల్యూఏజీ-9 లాంటివి, అక్కడ ఉంటాయి. సర్వీసు చివరి పదిహేనేళ్ళు ఆయన పనంతా ఆ ఇంజన్ల కడుపులోనే. ఇప్పటికీ ఇంట్లో ఏ సామాను కొన్నా ముందు దాని మీద అరచెయ్యి ఆనించి చూస్తాడు. కొత్త టీవీ తెస్తే వెనకాల చెయ్యి. రౌటరు పెడితే దాని మీద చెయ్యి. జ్వరం చూసినట్టు చూస్తాడని మా ఆవిడ నవ్వుతుంది.

ఆ రాత్రి లెక్క వేద్దామని కూర్చున్నాను. ముందు ఈ వైరు లేని ఛార్జింగు సంగతేమిటో టూకీగా.

ట్రాన్స్‌ఫార్మరు మనకందరికీ తెలుసు. రెండు కాయిల్సు, మధ్యలో ఇనుము. ఒక దాంట్లో కరెంటు మారుతుంటే రెండో దాంట్లో కరెంటు పుడుతుంది. ఆ ట్రాన్స్‌ఫార్మర్ని రెండు ముక్కలు చేసి, ఒక ముక్క నేలలో పాతి, రెండోది బండి కింద కట్టారనుకోండి. మధ్యలో గాలి. ఈ గాలిని దాటించాలంటే ఇంట్లో వచ్చే 50 హెర్ట్జ్ కరెంటు చాలదు. దాన్ని సెకనుకి 85 వేల సార్లు అటూ ఇటూ ఊపాలి. ఆ ఊపే పని పవర్ ఎలక్ట్రానిక్సుది, అంటే సెకనుకి వేల సార్లు తెరుచుకుని మూసుకునే సెమీకండక్టర్ స్విచ్చులది. అవతల బండిలో మళ్ళీ ఆ ఊపుని డీసీగా మార్చి బ్యాటరీకి ఇవ్వాలి.

ఇది కొత్త ఊహేం కాదు. 1996లో జనరల్ మోటార్సు ఈవీ1 అనే కారు వదిలినప్పుడు దాని ఛార్జింగు ఇండక్షన్ పద్ధతిలోనే. బల్లపరుపు తెడ్డు లాంటిది కారు ముందున్న గాడిలో దోపేవాళ్ళు. 2001లో కాలిఫోర్నియా మామూలు ప్లగ్గు పద్ధతిని ప్రమాణంగా ఎంచుకోవడంతో ఆ తెడ్డు మూలపడింది. ఆ తర్వాత 2014లో ఇంగ్లండులో మిల్టన్ కీన్స్ అనే ఊళ్ళో 8 బస్సులు వైరు లేకుండా ఛార్జవుతూ తిరిగాయి. 2020 అక్టోబరులో కార్ల కోసం జె2954 అనే ప్రమాణం వచ్చింది. 11 కిలోవాట్ల దాకా ఎంత ఎడం ఉండాలి, ఎంత సామర్థ్యం ఉండాలి అన్నీ అందులో రాసారు.

మన దగ్గర కూడా పని జరిగింది. తిరువనంతపురం సీ-డాక్, నాగపూర్ వీఎన్ఐటీ కలిసి ఒక ఛార్జరు తయారుచేసాయి. 2025లో దాని టెక్నాలజీని ఒక కంపెనీకి అందించారు కూడా. 230 వోల్టుల మామూలు కరెంటు తీసుకుంటుంది. కాయిల్సు మధ్య ఎడం 12.5 సెంటీమీటర్లు. 48 వోల్టుల బ్యాటరీకి 1.5 కిలోవాట్లు ఇస్తుంది. స్విచ్చులు సిలికాన్ కార్బైడువి, 88 కిలోహెర్ట్జ్. 4.8 యూనిట్ల బ్యాటరీ సుమారు మూడు గంటల్లో 90 శాతం నిండుతుంది. గరిష్ఠ సామర్థ్యం 89 శాతం పైనే.

నిజంగా మెచ్చుకోవాల్సిన పని. నేను మీటింగులో చెప్పింది దీని గురించే. కాకపోతే ఆ 89 దగ్గర నేను ఆగలేదు. "దాదాపు 90" అని రౌండాఫ్ చేసి ముందుకి పోయాను. మిగతా 10 పైచిలుకు సంగతేంటి అనేదే నాన్న ప్రశ్న.

లెక్క చిన్నదే. 1,500 వాట్లు బ్యాటరీకి చేరాలంటే గోడలోంచి సుమారు 1,680 వాట్లు లాగాలి. మధ్యలో 180 వాట్లు గల్లంతు. గల్లంతంటే మాయమవ్వదు కదా, వేడైపోతుంది. కొంత స్విచ్చుల్లో, కొంత రెండు కాయిల్సులో, కొంత కాయిల్ వెనక పెట్టే ఫెర్రైటు పలకల్లో, కొంత ఆ అయస్కాంత క్షేత్రం బయటకి పోకుండా అడ్డుపెట్టే అల్యూమినియం రేకులో, కొంత బండిలోని రెక్టిఫయర్లో. మా బిల్డింగులో ఇరవై ఫ్లాట్లకీ ఇవి పెట్టి అందరూ ఒకేసారి బండ్లు నిలబెడితే 3,600 వాట్లు. అంటే సెల్లారులో దగ్గర దగ్గర రెండు గీజర్లు మూడు గంటలు వేసి వదిలేసినట్టు.

న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. వైరు ఛార్జరు మాత్రం నూటికి నూరు ఇస్తుందా? ఇవ్వదు. 93 శాతం అనుకుందాం. అప్పుడు అదే 1,500 వాట్లకి 113 వాట్లు వేడి, ఇరవై బండ్లకి 2,260. కాబట్టి తేడా 1,340 వాట్లు. ప్రళయమేం కాదు. పైగా ఈ 89 పైచిలుకు అనేది రెండు ప్యాడ్లూ ఒకదాని మీద ఒకటి చక్కగా కుదిరినప్పటి గరిష్ఠం. జె2954 ప్రమాణమే సరిగ్గా కుదిరితే కనీసం 85, పక్కకి జరిగితే కనీసం 80 చాలంటుంది. మా సెల్లారులో స్కూటర్లు ఎలా పెడతారో చూస్తే ఆ ప్రమాణం రాసినవాళ్ళు ఏడుస్తారు. ఒకటి గోడకి ఆనించి, ఒకటి స్తంభం పక్కన ఏటవాలుగా, ఇంకొకటి పక్కింటివాళ్ళ కారుకి అడ్డంగా. ప్యాడ్లు పక్కకి జరిగినకొద్దీ రెండు కాయిల్సుకీ లంకె తగ్గుతుంది. అంతే పవరు పంపాలంటే నేలలోని కాయిల్లో కరెంటు పెంచాలి. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు.

ఇంత లెక్క వేసినా నాకు వేడి అంటే స్ప్రెడ్‌షీట్లో ఒక గడే. అది అర్థమైంది ఇంకో వారం తర్వాత, మా ఇండక్షన్ స్టవ్ పోయినప్పుడు.

పొద్దున్నే పాలు పెడితే టప్ మని చప్పుడు, ఎంసీబీ పడిపోయింది. "కొత్తది ఆర్డరు పెట్టేస్తా" అన్నాను. నాన్న స్క్రూడ్రైవరు తెచ్చుకుని డైనింగు టేబుల్ మీద దాన్ని బోర్లా తిప్పి విప్పాడు. అప్పటిదాకా నాకు తట్టనేలేదు, మా వంటింట్లో పదేళ్ళుగా ఉన్నది ఆ ఛార్జరు తమ్ముడే! అదే పళ్ళెం లాంటి కాయిల్. అదే స్విచ్చు, ఐజీబీటీ అంటారు, వేలి గోరంత నల్ల బిళ్ళ. దాని వీపుకి ఒక అల్యూమినియం దువ్వెన లాంటి హీట్ సింకు, దాని పక్కన అరచేతంత ఫ్యాను. కాయిల్ పైన గిన్నె పెడితే స్టవ్. గిన్నె బదులు ఇంకో కాయిల్ పెడితే ఛార్జరు.

ఫ్యాను రెక్కల మీద జిడ్డు, దుమ్ము కలిసి నల్లటి ముద్ద. హీట్ సింకు పళ్ళ మధ్య ఒక బొద్దింక, ఎప్పుడు పోయిందో పాపం. ఐజీబీటీ పగిలిపోయి ఉంది.

"చూసినవా? బిళ్ళ చెడ్డదేం కాదు. గాలి ఆడక సచ్చింది" అన్నాడు నాన్న. "స్టవ్ బంద్ చేసినంక గూడ ఫ్యాను తిరుగుతది గదా, ఎందుకనుకున్నవ్? లోపల పుట్టిన వేడి ఇంకా బయటికి రాలేదని. మీ అమ్మ చప్పుడైతుందని ప్లగ్గు పీకేస్తది. ఎన్నిసార్లు చెప్పినా వినదు."

అమ్మ వంటింట్లోంచి ఏదో అంది. అది ఇక్కడ రాయను.

కోఠి గుజరాతీ గల్లీకి వెళ్ళి ఐజీబీటీ తెచ్చాం. ఆయన అతికిస్తూ చెప్పిన పాఠం నా భాషలోకి మార్చుకున్నాను. వేడికీ ఓమ్స్ లా ఉంది. వోల్టేజీ బదులు ఉష్ణోగ్రత తేడా, కరెంటు బదులు వాట్లు, రెసిస్టెన్సు బదులు వేడికి అడ్డుపడేవన్నీ: బిళ్ళ, పేస్టు, హీట్ సింకు, గాలి. ఉదాహరణకి బిళ్ళలో 60 వాట్లు వేడి పుడుతోంది, ఆ అడ్డు మొత్తం వాటుకి 1 డిగ్రీ అనుకోండి. అప్పుడు బిళ్ళ చుట్టుపక్కల గాలి కంటే 60 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉంటుంది. ఏసీ గదిలో 25 ఉంటే బిళ్ళ 85. మే నెలలో 43 ఉంటే 103. గాలాడని పెట్టెలో 55 ఉంటే 115. ఇక దుమ్ము పట్టి ఆ అడ్డు రెట్టింపైందనుకోండి, 43 డిగ్రీల రోజున బిళ్ళ 163. మామూలు సిలికాన్ బిళ్ళల్లో చాలావాటికి 150 దాటితే ఆయుష్షు తీరినట్టే.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ బిళ్ళ చల్లబడేది చుట్టూ ఉన్న గాలితో ఉన్న తేడా వల్ల. యూరపులో డిజైను చేసిన పెట్టె అక్కడ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. దాన్నే తెచ్చి సికింద్రాబాదులో పెడితే ఆ తేడాలోంచి ఇరవై డిగ్రీలు మన ఎండే మింగేస్తుంది. బేగంపేటలో 1966 జూన్ 2న 45.5 డిగ్రీలు నమోదైంది. డిజైను చేసేవాడు చూడాల్సింది అలాంటి రోజుని. సంవత్సరపు సగటుని చూస్తే లాభం లేదు. మనం సర్వర్లకి పీక్ లోడు చూసి కెపాసిటీ లెక్కేస్తాం కదా, అలాగే.

ఇంకోటి, ఒక్కసారి బాగా వేడెక్కి చావడమే కాదు, రోజూ వేడెక్కుతూ చల్లబడుతూ ఉన్నా చస్తుంది. సిలికానూ, దాని మీద అతికే అల్యూమినియం తీగా ఒకే వేడికి ఒకేలా సాగవు. అల్యూమినియం ఏడెనిమిది రెట్లు ఎక్కువ సాగుతుంది. రోజుకో వంద సార్లు సాగి ముడుచుకుంటుంటే ఏదో ఒక రోజు ఆ అతుకు ఊడిపోతుంది. పక్కనుండే ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లకి ఇంకో మోటు సూత్రం: పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగం. పోయిన వేసవిలో పాడైన మీ ఇన్వర్టరుని, సెట్‌టాప్ బాక్సుని గుర్తుచేసుకోండి.

లాలాగూడ సంగతి అప్పుడే అడిగాను. పదిహేనేళ్ళు ఆయన ఏం చేసాడో నేను ఎప్పుడూ సరిగ్గా అడగలేదని ఆ రోజు తెలిసింది. కొడుకు సాఫ్ట్‌వేర్లో చేరాక తండ్రి ఉద్యోగం గురించి అడిగేదేముంటుంది అనుకున్నానేమో.

డబ్ల్యూఏపీ-7 ఇంజను ఆరు వేల హార్స్‌పవరు పైమాటే. పైన వైరులోంచి 25 వేల వోల్టుల ఏసీ తీసుకుని, దించి, డీసీ చేసి, మళ్ళీ మోటార్లకి కావలసిన త్రీ ఫేజు ఏసీగా మారుస్తుంది. ఆ మార్పిడి యంత్రాంగంలో నూటికి ఒక్క వంతు పోయిందనుకున్నా 45 కిలోవాట్లకి పైన వేడి. మా సెల్లారు మొత్తానికి పన్నెండింతలు, ఒక్క గదంత జాగాలో. అందుకే ఆ ఇంజనులో ఫ్యాను అనేది చివర్లో తగిలించే సామాను కాదు. 1990ల్లో ఏబీబీ టెక్నాలజీతో వచ్చిన మొదటి తరం ఇంజన్లలో కన్వర్టరు నూనెలో మునిగి ఉంటుంది. ఆ నూనెని పంపులు తిప్పుతాయి. తిరిగొచ్చిన వేడి నూనెని రేడియేటర్ల మీదకి బ్లోయర్లు గాలి కొట్టి చల్లబరుస్తాయి.

"మరి పంపు ఆగిపోతే?" అన్నాను.

"ఆగిందని తెలవగానే ఇంజనే ఆ సగాన్ని పక్కన పెడతది. మిగిలిన మూడు మోటార్లతోని నడుస్తది. స్పీడు తగ్గుతది గానీ కాలిపోదు."

ఇంజనులో రెండు కన్వర్టర్లు, ఒక్కోటి మూడేసి మోటార్లకి. చల్లబరిచే దారి మూసుకుపోతే పవరు కూడా ఆగిపోతుంది. నేను మైక్రోసర్వీసుల్లో సర్క్యూట్ బ్రేకరు ప్యాటర్ను అని స్లైడు వేసి జూనియర్లకి పాఠాలు చెబుతుంటాను. అది మా నాన్న ఎన్నో ఏళ్ళ క్రితం నుంచీ గ్రీజు చేతులతో చూస్తున్నదే!

"షెడ్డుకొచ్చిన ఇంజనుకి మేం మొదలు చూసేది కన్వర్టరు కాదురా. ఫిల్టరు. జాలి మీద దుమ్ముంటే అది తియ్యి, తర్వాత మాట్లాడు అనేటోడు మా ఇంచార్జి."

అప్పుడు ఆయన్ని తీసుకుని సెల్లారుకి దిగాను. రాత్రి పదకొండు. చేతిలో ఒక థర్మామీటరు. బయట రోడ్డు మీద 31 డిగ్రీలు. సెల్లారులో లోపలి మూల 36. పగలంతా ఎండలో కాలిన కాంక్రీటు, పార్కు చేసిన కార్ల ఇంజన్లు, లిఫ్టు మోటారు, నీళ్ళ మోటారు... ఇవన్నీ ఇచ్చిన వేడి ఎటూ పోక అక్కడే కూర్చుంది. రెండు వైపులా మట్టి, మూడో వైపు పక్క బిల్డింగు గోడ. గాలి ఆడేది ఒక్క ర్యాంపు దగ్గరే.

ఆ లోపలి మూలలో ఏముందో తెలుసా? మా వాచ్‌మన్ గది. పది అడుగులకి పది. అతను, భార్య, ఇద్దరు పిల్లలు. ఆ రాత్రి పిల్లలు గదిలో ఉక్కపోతకి తలుపు బయట, సరిగ్గా మేం ఛార్జింగు ప్యాడ్లు పెడదామనుకున్న చోట, చాప మీద పడుకుని ఉన్నారు. పెద్దమ్మాయి మమ్మల్ని చూసి లేచి కూర్చుంది.

నాన్న ఏమీ అనలేదు. ఆ గోడ మీద అరచెయ్యి ఆనించి, తీసేసాడు. నన్ను కూడా ఆనించమన్నట్టు చూసాడు. ఆనించాను. గోరువెచ్చగా ఉంది, రాత్రి పదకొండింటికి.

నాకు ఆయన ప్రశ్న అప్పుడు పూర్తిగా అర్థమైంది. వేడి మాయం కాదు, చోటు మారుతుందంతే. మన ఏసీ పడగ్గదిలోంచి తీసిన వేడి పక్కవాళ్ళ కిటికీలోకి పోతుంది. సర్వర్ల వేడి ఎక్కడికో పోతుంది. సెల్లారులో ఛార్జర్ల వేడి ఎవరి దగ్గరికి పోతుందో నేను పది నిముషాల ఉపన్యాసంలో చూసుకోలేదు. మీటింగులో ఆ నలుగురికీ కుర్చీ లేదు మరి. పొగైనా అంతే, వేడైనా అంతే, మొదట తగిలేది ఆ గదికే.

ఇక్కడ ఒక విషయం విడదీసి చెప్పాలి. బ్యాటరీ అంటుకోవడం వేరు, ఛార్జరు వేడెక్కడం వేరు. మొదటిది సెల్సు లోపలి రసాయన చర్య. ఒక సెల్లులో మొదలైతే ఆ వేడికి పక్క సెల్లు, దాని వేడికి ఇంకో సెల్లు. 2022లో దేశమంతా స్కూటర్లు కాలిన తర్వాత ఏఐఎస్-156 అనే ప్రమాణాన్ని గట్టి చేసి, ఆ ఏడాది డిసెంబరు 1 నుంచి ఒక దశ, 2023 మార్చి 31 నుంచి రెండో దశ అమల్లో పెట్టింది ఇందుకే. వైరు తీసేస్తే ఆ ప్రమాదం తగ్గదు. నేను మీటింగులో తగ్గుతుందన్నట్టే మాట్లాడాను, అది తప్పు. పైగా బ్యాటరీకి ఆరడుగుల దూరంలో గోడకుండే వేడి పుట్టించే పెట్టెలో కొంత భాగాన్ని, ప్యాడు రూపంలో, బ్యాటరీ కిందకే తెచ్చి పెడతాం.

అలాగని వైర్‌లెస్ ఛార్జింగు పనికిరాదని నేననను. దానికి తగిన చోటు వేరే ఉంది. 2019 మార్చిలో మన ఆర్టీసీ ఎయిర్‌పోర్టుకి 40 ఎలక్ట్రిక్ బస్సులు వేసింది, కంటోన్మెంట్, మియాపూర్ డిపోల నుంచి. ఓలెక్ట్రా-బీవైడీ బస్సులవి. దాదాపు అదే కుటుంబం బీవైడీ బస్సుని అమెరికాలో వెనాచీ అనే ఊళ్ళో (సియాటిల్లో ఉన్న మనవాళ్ళకి యాపిల్ తోటల ఊరుగా తెలిసే ఉంటుంది) 2018లో నేలలోని 200 కిలోవాట్ల ప్యాడు మీద ఛార్జు చేయడం మొదలుపెట్టారు. బస్సు ట్రిప్పు తిరిగి వచ్చి కాసేపు ఆగుతుంది, ఆ కాసేపట్లో కొంత ఎక్కించుకుని పోతుంది. డ్రైవరు దిగక్కర్లేదు. రోజంతటికీ సరిపోయే బ్యాటరీని మోయక్కర్లేదు. బస్సు బరువూ తగ్గుతుంది, ఖరీదూ తగ్గుతుంది. అక్కడ కొన్ని శాతాలు వేడిగా పోయినా గిట్టుబాటే.

మన జేబీఎస్‌లోనో, సికింద్రాబాదు స్టేషను ముందు ఆటోలు ఆగే చోటో ఇలాంటివి రావాలని నాకూ ఉంది. ఆటో నడిపే అతనికి ఛార్జింగు కోసం ఆగిన ప్రతి గంటా కూలి పోయినట్టే. స్టాండులో వరసలో నిలబడ్డప్పుడే ఛార్జయితే అంతకన్నా కావలసిందేముంది? సీ-డాక్ వాళ్ళ 48 వోల్టుల ఛార్జరు సరిగ్గా ఆ స్థాయి బ్యాటరీకే. కానీ 200 కిలోవాట్లలో 8 శాతం పోయినా 16 కిలోవాట్లు వేడి. అందులో నేలలోని ప్యాడు వాటా కాంక్రీటులోకి పోతుందిలే అనుకుంటే కుదరదు. అల్యూమినియంతో పోలిస్తే కాంక్రీటు వందో వంతు కూడా వేడిని దాటించదు. పైగా మే నెల మధ్యాహ్నం తారు రోడ్డు పైభాగం 60 డిగ్రీలుంటుంది. అంత పవరుకి నీళ్ళ గొట్టాలు, పంపులు, రేడియేటరు, ఆ రేడియేటరుకి దుమ్ము పట్టకుండా చూసే మనిషి, పంపు ఆగితే పవరు తగ్గించే కంట్రోలు, అన్నీ ఉండాలి. టెండరు డాక్యుమెంటులో కిలోవాట్ల పక్కన ఇవి కూడా రాసుంటే ఆ ప్రాజెక్టు బతుకుతుంది. లేకపోతే ప్రారంభోత్సవం ఫొటో ఒక్కటే మిగులుతుంది.

తర్వాతి నెల మీటింగులో నేను స్లైడ్లు లేకుండా వెళ్ళాను. వైర్‌లెస్ మాట వెనక్కి తీసుకుంటున్నానని చెప్పాను. నాన్న, నేను కలిసి గీసిన బొమ్మ చూపించాను. బిల్డింగు వెనక బోరు పక్కన ఖాళీ జాగా. పైన రేకుల కప్పు, మూడు వైపులా తెరిచి. ఎనిమిది పాయింట్లు, ఒక్కోదానికి విడిగా ఎంసీబీ, ఎర్తింగు, లీకేజీ పట్టే బ్రేకరు, విడి మీటరు. ఎవరి కరెంటు వాళ్ళదే. సెల్లారులో ఛార్జింగు ఎప్పటిలాగే బంద్, బాల్కనీ వైర్లు కూడా బంద్. సెల్లారులో రెండు పొగ అలారాలు, మూలన ఒక ఎగ్జాస్టు ఫ్యాను.

"వానలో అక్కడిదాకా నడవాలా?" అని 302 వాళ్ళు అడిగారు. నడవాలి, నలభై అడుగులు. "ఎగ్జాస్టు ఫ్యానెందుకు, అక్కడ ఛార్జింగు లేదన్నారుగా?" అని ఇంకొకరు. ఆ ప్రశ్నకి నాన్న జవాబు చెప్తాడనుకున్నాను. ఆయన నావైపు చూసాడు. నేనే చెప్పాను, అక్కడ పిల్లలు పడుకుంటారని. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత సెక్రటరీగారు ఖర్చెంతో అడిగి రాసుకున్నారు. ఓటింగులో పన్నెండు మంది చేతులెత్తారు. ఎనిమిది మంది ఎత్తలేదు, వాళ్ళలో ఇద్దరు ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు.

ఇప్పుడు రోజూ రాత్రి స్కూటరు వెనక్కి తీసుకెళ్ళి, వైరు తీసి, ప్లగ్గు పెడుతున్నాను. అంత పెద్ద టెక్నాలజీ గురించి చదివి చివరికి చేసింది ఇదా అని మా కొలీగు నవ్వాడు. నవ్వనీ. రేపు మా బిల్డింగుకి కూడా మంచి ప్యాడు రావచ్చు, అప్పుడు మొదట పెట్టించుకునేది నేనే. అమ్మడానికి వచ్చినవాడు కిలోవాట్లు, నిముషాలు, యాప్ గురించి చెప్తాడు. వాడు చెప్పడం అయ్యాక నేను అడిగేది మాత్రం ఒకటే, అదీ నాన్న యాసలోనే అడుగుతా.

అన్నట్టు, ఇండక్షన్ స్టవ్ మళ్ళీ పనిచేస్తోంది. వంటయ్యాక ఫ్యాను ఆగేదాకా అమ్మ ప్లగ్గు తీయడం లేదు. నెలకోసారి నేనే దాన్ని తిరగేసి దుమ్ము దులుపుతున్నాను.